వొంటిగానే వచ్చారా?

మెరీనా ఇసుకలో సాయంత్రం పూట ఒక ఆడమనిషి ఒక్కతే కూర్చుంటే సుండలు, అంటే శనగ గుగ్గిళ్లు, అమ్మే కుర్రాడు తప్ప ఎవరూ పలకరించరు. అతడు కూడా ఎన్ని పొట్లాలు కావాలని అడుగుతాడే గాని వెంట ఎవరు వచ్చారని అడగడు. మదరాసులోనే పుట్టి పెరిగి ఈ మర్యాదకు అలవాటుపడిన నాకు, నగరం దాటి దక్షిణంగా అరవై కిలోమీటర్లు పోగానే సముద్రపుటొడ్డు ఊళ్లన్నీ ఒకే ప్రశ్నతో ఎదురువస్తాయని ఇరవయ్యేడేళ్లు వచ్చేదాకా తెలియలేదు. ఆ ప్రశ్న నోటితో కాదు, కళ్లతో మొదలవుతుంది. ఎదుటివాళ్లు ముందుగా మన భుజం మీదుగా వెనక్కి చూస్తారు, అక్కడ ఎవరూ లేరని తేల్చుకుంటారు, ఆ తరువాతే “తనియావా వందే?” అని అడుగుతారు. వొంటిగానే వచ్చావా అని అర్థం. 2003 జనవరిలో, పొంగల్ వెళ్లిన వారానికి, నేను పదకొండు రోజులు చేసిన ఒక ప్రయాణంలో ఆ ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్క లేదు.

ఈ సంగతి విన్న ఇప్పటి పిల్లలు నేనేదో సాహసం చేశానని అనుకుంటారు. అందులో సాహసం ఏమీ లేదు. మౌంట్ రోడ్డులో నేను పనిచేసిన లెక్కల ఆఫీసులో నాకొక స్నేహితురాలు ఉండేది. సముద్రం పక్కనే బస్సులు మారుతూ రామేశ్వరం దాకా పోదామని మేమిద్దరం ఆరు నెలలపాటు భోజనాల వేళ పటం పరుచుకుని ఊళ్లు లెక్కపెట్టుకున్నాము. తీరా సెలవులు మంజూరయ్యాక, బయలుదేరడానికి పది రోజుల ముందు, ఆమెకు పెళ్లి కుదిరింది. ఆమె ముహూర్తాల్లో పడిపోయింది, నేను సెలవుతో మిగిలిపోయాను. మంజూరైన సెలవును వెనక్కి ఇచ్చేంత వైరాగ్యం నాకు లేకపోవడం వల్ల ఒక సంచి, ముప్పయ్యారు బొమ్మలు పట్టే రీలు వేసిన కెమెరా పట్టుకుని బయలుదేరాను.

అమ్మ పోయాక ఇంట్లో నాన్నగారూ నేనూ ఇద్దరమే. నెల్లూరు నుంచి తాతగారి కాలంలో మదరాసు చేరిన కుటుంబం మాది. మా తెలుగులో సగం అరవమని నెల్లూరు బంధువులు నవ్వుతారు, మా అరవం వినగానే ఇక్కడివాళ్లు ‘గొల్టి’ అని పసిగడతారు. పశ్చిమ మాంబళంలో మేము అద్దెకున్న వాటా యజమాని శాకాహారులకే ఇల్లు ఇస్తానన్నప్పుడు, చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని మా నాన్నగారు కళ్లార్పకుండా “మేము గుడ్డు కూడా ముట్టమండి” అని చెప్పి బయానా ఇచ్చేశారు. అప్పటినుంచి ఆదివారాలు మా ఇంట్లో కిటికీలు మూసి, సాంబ్రాణి కడ్డీలు వెలిగించి చేపలు వండుకునే ఆచారం ఏర్పడింది. అటువంటి మనిషి నా ప్రయాణానికి పెట్టిన షరతు ఒక్కటే: ప్రతి రాత్రీ ఎస్.టి.డి. బూతు వెతుక్కుని, రేటు తగ్గే వేళ చూసి, ఇంటికి ఫోను చేయాలి.

కోయంబేడు బస్ స్టాండు తెరిచి అప్పటికి రెండు నెలలే అయింది. కొత్త సున్నం వాసన ఇంకా పోని ఆ ఆవరణలో బస్సు ఎక్కి మహాబలిపురంలో దిగాను. వరసగా మూడు లాడ్జీలలో ఎంతో మర్యాదగా లేదన్నారు. మేనేజరు తల ఎత్తడం, నా వెనక్కి చూడడం, ఖాతా పుస్తకం మూసేయడం మూడు చోట్లా ఒకే తీరుగా జరిగింది. ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వడం వాళ్ల పద్ధతి కాదట. నాలుగో చోట, విదేశీయులు ఎక్కువగా బస చేసే ఒత్తవాడై వీధి చివర, పెంకుటింటి మీద ఒకే ఒక గది కట్టి అద్దెకిచ్చే ఇల్లాలు దొరికింది. ఆమె కూడా వెనక్కి చూసింది. “ఇప్పటిదాకా తెల్లవాళ్లకే ఇచ్చాను, మనవాళ్లకు ఇవ్వలేదు” అని కాసేపు ఆలోచించి, రోజుకు నూట యాభై చెప్పి తాళం చేతిలో పెట్టింది. దేశం కాని దేశం నుంచి వచ్చిన ఆడపిల్ల ఒంటరిగా ఉంటే వింత కాదు గాని, పక్క ఊరినుంచి వచ్చినది ఉంటే వింత అన్న సంగతి నాకు ఆ పూటే అర్థమైంది.

రాత్రి నేను తలుపు గడియ పెట్టుకున్న కాసేపటికి బయట చాప ఈడ్చిన చప్పుడైంది. తీసి చూస్తే ఇల్లాలి తల్లి, డెబ్బయ్యేళ్లు దాటిన ముసలామె, నా గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుంటోంది. నాకేమీ భయం లేదని చెప్పాను. “నీకు భయమని ఎవరన్నారు? నాకే భయంగా ఉంది” అని పడుకుంది. ఇద్దరికీ నిద్ర పట్టక చాలాసేపు మాట్లాడుకున్నాము. ఒడ్డున కనబడే గుడి ఏడింటిలో ఒకటనీ, మిగిలిన ఆరూ సముద్రం కింద ఉన్నాయనీ, తన తాత వల వేసినప్పుడు గోపురం శిఖరానికి చిక్కుకునేదనీ ఆమె చెప్పింది. పల్లవ రాజు రాజసింహుడు కట్టించిన ఆ గుడి గురించి పుస్తకంలో చదివి వచ్చిన నేను అది ఎనిమిదో శతాబ్దం నాటిదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె లెక్క వేరు. మరుసటి ఏడాది చివర సునామీ వచ్చి సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినప్పుడు నీళ్లలో రాతి కట్టడాలు కనబడ్డాయని అక్కడివాళ్లు చెప్పడం, ఇసుక కొట్టుకుపోయిన చోట చెక్కిన సింహం బయటపడడం పత్రికలో చదివి ముందుగా ఆమెనే తలుచుకున్నాను.

ఉలి దెబ్బల చప్పుడు వినకుండా ఆ ఊళ్లో ఒక వీధి దాటడం కష్టం. మరునాడు ఒక శిల్పశాల ముందు నిలబడి చూస్తుంటే పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉన్న ఒక కుర్రవాడు నా సంచి మీది తెలుగు అక్షరాలు చదివి, “మన తట్టు మనుషులేనా అక్కా?” అన్నాడు. ఆళ్లగడ్డ నుంచి పనికి వచ్చాడట. తరువాత వాడూ వెనక్కి చూసి, ఒక్కదాన్నేనా అని అడిగి, అవునన్నాక స్టూలు తెచ్చి వేశాడు. రాయి మంచిదో కాదో చెక్కక ముందే ఎలా తెలుస్తుందో చూపించాడు. సుత్తితో మీటితే గంటలా మోగినది మంచి రాయి. లోపల నెర్రె ఉంటే మాట నంగిగా వస్తుందని రెండు రాళ్లూ మోగించి వినిపించాడు. టీ వాడే తెప్పించాడు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

పుదుచ్చేరి గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఆ పసుపు గోడల జోలికి పోను. నాకక్కడ మిగిలింది ఒక్క మధ్యాహ్నం. సముద్రం పక్క రోడ్డు మీద, గాంధీ విగ్రహం దగ్గర, వెనకనుంచి “ఆయ్” అన్న మాట వినబడి తిరిగి చూశాను. ఆ పలుకు గోదావరిది. మా మదరాసులో ఎక్కడా పుట్టదు. ప్రభుత్వ కొలువులో యానాం నుంచి బదిలీ అయి వచ్చిన ఒక నడివయసు దంపతులు వాళ్లు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి పాయ మీద ఉన్న యానాం, ఫ్రెంచివాళ్ల పాలన పుణ్యమా అని పుదుచ్చేరిలో భాగం కావడం వల్ల, అక్కడివాళ్లకు సచివాలయం ఇక్కడ, చుట్టాలు అక్కడ. “ఒక్కరే వచ్చేరాండి?” అని ఆవిడ నా వెనక్కి చూసి, నేను తల ఊపేలోపు “అయితే భోంచేసి వెళ్లండి” అంది. ముద్దపప్పు, గోంగూర, ఊరినుంచి వచ్చిన ఆవకాయ. వడ్డించినంతసేపూ ఆవిడ ఎడతెరిపి లేకుండా మాట్లాడింది. నాలుగేళ్లుగా ఇంటికి తెలుగు మాట్లాడే చుట్టం రాలేదని చేతులు కడుక్కునేటప్పుడు చెప్పింది. నా ఒంటరితనం మీద జాలిపడి పిలిచిందనుకుంటూ తిన్నాను గాని, ఎవరి ఒంటరితనం ఎవరు తీర్చారో ఆ మాట విన్నాక తేలలేదు.

కడలూరు, చిదంబరం దాటి కారైకాల్ వెళ్లే బస్సులో ఎక్కినప్పుడు తరంగంబాడిలో నాలుగు గంటలు దిగి, కోట చూసుకుని, సాయంత్రానికి కారైకాల్ చేరి లాడ్జి వెతుక్కుందామన్నది నా లెక్క. సీర్కాళి దాటాక ఒక స్టాపులో చేపలు అమ్ముకుని తిరిగి వస్తున్న ఒకామె అల్యూమినియం బేసినుతో ఎక్కబోయింది. కండక్టరు వాసన అని కేకలు మొదలుపెట్టాడు. ముందు కూర్చున్నవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, టిక్కెట్టు డబ్బులు చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, వాడికి దీటుగా అరుస్తోంది. ఇద్దరు పట్టే సీటులో నేను ఒక్కదాన్నే ఉన్నాను. సంచి ఒళ్లోకి తీసుకుని, “బేసిను నా కాళ్ల కింద పెట్టక్కా” అన్నాను. అరవమైనా తెలుగైనా అక్క అక్కే, ఆ మాటకు అనువాదం అక్కరలేదు. ఆమె వచ్చి కూర్చుంది, ఊపిరి తీసుకుంది, పక్క సీట్లలోనూ వెనక సీట్లలోనూ చూసింది.

“తనియావా వందే?”

అవునన్నాను. నా లెక్కంతా చెప్పాను. కారైకాల్ లాడ్జి మాట రాగానే, “లాడ్జిలో పడుకుంటావా, ఇంట్లో పడుకుంటావా?” అని అడిగింది. నా ప్రయాణంలో ఎవరూ ఇవ్వని వరం అది, కాదనడానికి మనసు రాలేదు. నాలుగు గంటలు అనుకున్న ఊళ్లో మూడు రాత్రులు ఉండిపోయాను.

అప్పటి తరంగంబాడికి ఇప్పుడున్నంత మెరుగు లేదు. కోట ద్వారం దాటి లోపలికి వెళితే రెండు వీధులు, రెండు చర్చిలు, గడ్డి మొలిచిన గోడలు. సముద్రపుటంచున 1306 నాటి మాసిలామణి నాథర్ గుడి ఒకటి, ముందు భాగాన్ని అలలు తినేయగా మిగిలినంత మేరకు నిలబడి ఉండేది. డేన్మార్కువాళ్లు 1620లో కట్టిన డాన్స్‌బోర్గ్ కోట లోపలి చిన్న ప్రదర్శనశాలకు అక్కనూ, పన్నెండేళ్ల ఆమె కూతురినీ నేనే టిక్కెట్టు కొని తీసుకుపోయాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఆమె ఆ కోట లోపల అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఈ ఊరిని డేనులకు ఇచ్చిన తంజావూరు రాజు రఘునాథ నాయకుడు మా తెలుగువాడేననీ, తెలుగులో కావ్యాలు రాశాడనీ, ఆయన డేన్మార్కు రాజుకు బంగారు రేకు మీద అరవంలో రాయించి పంపిన ఉత్తరాన్ని ఆ దేశంలో ఇప్పటికీ భద్రపరిచారనీ ఎంతో గొప్పగా చెప్పాను. ఏడాదికి 3,111 రూపాయల శిస్తు మాట కూడా చెప్పాను. అక్క అంతా విని, “అయితే మా ఊరిని అద్దెకిచ్చింది మీవాళ్లేనన్న మాట” అంది. ఆ తరువాత కూతురు తనను ఏదైనా పని చెప్పమన్నప్పుడల్లా “రాణీగారిని అడుగు, ఊరు వాళ్లదే” అని నవ్వేది.

వాళ్లది కడలికి రాయి విసిరేంత దూరంలో రెండు గదుల ఇల్లు. అక్క భర్త మరొక ఇద్దరితో కలిసి కట్టుమరం మీద వేటకు వెళ్లేవాడు. తెల్లవారుజామున ఒడ్డుకు వెళితే వేట ముగించుకుని వచ్చిన మగవాళ్లు తాళ్లు విప్పి, కట్టుమరం దుంగలను వేటికవి విడదీసి ఇసుకలో ఆరబెట్టడం చూశాను. కడలి మీద ఒకటిగా తేలినది ఒడ్డుకు రాగానే నాలుగు కట్టెలైపోవడం నాకు వింతగా ఉండేది. పక్కనే ఆడవాళ్ల వేలంపాట సాగేది. కుప్పలుగా పోసిన నెత్తళ్ల చుట్టూ చేరి, వేళ్లతోనే ధర చెప్పుకుని, అప్పు మీద ఎత్తుకుని, బస్సు వేళకు పరుగెత్తేవాళ్లు. అమ్ముకుని వచ్చాకే ఆ అప్పు తీర్చాలి. చేప మిగిలితే ఉప్పులో పడుతుంది, బస్సు తప్పితే ఆ రోజు నష్టమే. కండక్టరుతో అక్క ఎందుకు అంతగా పోట్లాడిందో వేలం చూశాక గాని నాకు బోధపడలేదు.

మీ ఊళ్లన్నిటిలోనూ ఈ ఒక్క ప్రశ్నే ఎందుకు అడుగుతారని రెండో రాత్రి ఆమెను అడిగాను. ఒంటరి ఆడదాని మీద అనుమానమే దానికి కారణమని అప్పటికి నాలో కొంత చిరాకు పేరుకుని ఉంది. ఆమెకు నా చిరాకు అర్థం కాలేదు. కడలి మీదికి ఒక్కడే పోయినవాడి కోసం ఒడ్డున ఉన్నవాళ్లు నిద్రపోలేరనీ, వల లాగేవాడొకడు, తెడ్డు పట్టేవాడొకడు ఉండాలనీ, ఒక్కడే పోయాడని తెలిస్తే ఎవరో ఒకరు లేచి వెళ్లక తప్పదనీ చెప్పింది. “అడగకపోతే ఎవరు లేవాలో ఎలా తెలుస్తుంది?” అంది. మహాబలిపురం ముసలామె చాప ఈడ్చిన చప్పుడు నాకు మళ్లీ వినబడింది. అయితే ఆ లాడ్జి మేనేజర్ల చూపును కూడా ఈ లెక్కలో కలిపేసేంత మంచితనం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఇంట్లో నాకు బాగా చేరువైనది అక్క అత్తగారు. అక్కడ అవ్వను ఆయా అంటారు. ఆమెకు నా అరవం నచ్చేది కాదు, నా వంట అసలే నచ్చలేదు. నెల్లూరు పులుసులో మామిడికాయ వేస్తామని నేను చెబితే, చేప పుల్లగా లేదని మామిడికాయను సాయం పిలుస్తారా అని ఎగతాళి చేసింది. వాళ్ల పులుసు మట్టి చట్టిలో కాగి, రాత్రంతా ఊరి, మరునాడు పొద్దున చద్దన్నంలోకి వచ్చేది. ఇది మా నాన్నగారికి చెప్పకూడదు గాని, అది మా పులుసు కంటే బాగుండేది. మూడో రోజు నా సంచి పట్టీ తెగిపోతే ఆయా దాన్ని లాక్కుని, వల అల్లే సూదిలో నైలాను దారం ఎక్కించి, వలకు వేసే ముడినే వేసి బిగించింది. దారం కొసను పళ్ల మధ్య పట్టుకుని తల వంచి పని చేస్తుండగా నేను కెమెరా సర్దుకుని “ఆయా!” అని పిలిచాను. పిలిచినందుకు విసుక్కుంటూ ఆమె తల ఎత్తిన క్షణాన బొమ్మ తీశాను. ఆ సంచి ఎప్పుడో చిరిగిపోయింది. పట్టీ మాత్రం ఆ ముడితో సహా ఇప్పటికీ నా దగ్గరుంది.

వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోతే అక్క కోపగించుకుంది. నేను ఊరుకోక, దొంగలా రెండు వందల రూపాయలు బియ్యం డబ్బా కింద పెట్టి బస్సు ఎక్కాను. మూడు వారాల తరువాత పశ్చిమ మాంబళానికి రెండు వందల రూపాయల మనియార్డరు వచ్చింది. కమిషను కూడా ఆమే కట్టుకుంది. అడుగున సందేశం రాసే చోట కూతురి గుండ్రటి చేతిరాతలో, అరవంలో, ఒకే వాక్యం ఉంది: “మీ డబ్బు బియ్యం డబ్బా కింద మరిచిపోయారు.” నాన్నగారు ఆ కాగితాన్ని కరెంటు బిల్లుల ఫైలులో భద్రంగా పెట్టారు.

తరంగంబాడి తరువాత నా ప్రయాణం కొంత తొందరపడింది. నాగూరు దర్గాలో ఒక సాయంత్రం, వేళాంకణిలో ఒక పగలు గడిపి, నాలుగు బస్సులు మారి మండపం చేరి, పంబన్ వంతెన దాటడానికి మాత్రం పట్టుబట్టి రైలు ఎక్కాను. 1914 నాటి ఆ వంతెన మీద అప్పటికింకా మీటరు గేజి రైళ్లే నడిచేవి. మనిషి నడిచినంత మెల్లగా సాగే పెట్టెలోంచి చూస్తే కింద పట్టాలు కనబడవు, నీళ్లే కనబడతాయి. రామేశ్వరంలో తెలుగు వినడానికి కొదవ ఉండదు. యాత్రికుల్లో సగం మనవాళ్లేనేమో అనిపిస్తుంది.

ధనుష్కోడికి అప్పటికి రోడ్డు లేదు. కొంత దూరం బస్సులో పోయి, అక్కడినుంచి ఇసుకలోనూ నీళ్లలోనూ పడుతూ లేస్తూ పోయే ఒక డొక్కు వ్యానులో పదిహేను మంది యాత్రికుల మధ్య ఇరుక్కుని వెళ్లాను. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో రైలుతో సహా కొట్టుకుపోయిన ఊరు అది. పైకప్పు లేని చర్చి, స్టేషను గోడలు, వాటి పక్కన కరెంటు లేని గుడిసెల్లో కొన్ని జాలరి కుటుంబాలు మిగిలాయి. అందరూ మొండిగోడల ముందు ఫొటోలు దిగుతుంటే, ఒక ముసలామె సముద్రానికి పాతిక అడుగుల దూరంలో మోకాలి లోతు గొయ్యి తీసి, కొబ్బరిచిప్పతో నీళ్లు తోడి బిందెలో పోస్తోంది. రెండు పక్కలా ఉప్పు సముద్రం ఉండగా ఆ గొయ్యిలో ఊరే నీళ్లు తియ్యగా ఉంటాయని నాకు తెలియదు. నా మొహం చూసి చిప్ప నిండా ఇచ్చింది. తాగాను. ఆమె వ్యాను వైపు, జనం వైపు చూసి, అందులో నావాళ్లు ఎవరో అని వెతికింది. ఎవరూ లేరన్నాను. ఆ రాత్రి తుపానుకు తానూ ఒక్కతే మిగిలానని మరొకరి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి, ఇంకో చిప్ప ముంచి ఇచ్చింది. ఫొటో తీయనా అంటే వద్దంది. వ్యానువాడు హారను కొట్టాడు.

మదరాసు వచ్చాక రీలు కడిగించి, తరంగంబాడి బొమ్మలు ఒక్కొక్క కాపీ వేయించి పోస్టులో పంపాను. ఏడాదిన్నరపాటు ఉత్తరాలు నడిచాయి. వాళ్ల వీధి మొదట్లో ఒక దుకాణానికి ఫోను ఉండేది, పండుగలకు దానికి చేసి అక్కను పిలిపించమనేదాన్ని.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఉదయం తొమ్మిది గంటల వేళ మా ఇంట్లో కిటికీలు మూసి ఉన్నాయి, పొయ్యి మీద పులుసు ఉంది. మెరీనాలో సముద్రం రోడ్డు దాకా వచ్చిందని పక్క వాటాలో టీవీ చూసి ఎవరో అరిచారు. మధ్యాహ్నానికి నాగపట్నం పేరు వినబడసాగింది. దుకాణం నంబరు మోగలేదు, మరునాడూ మోగలేదు, ఆ వారమంతా మోగలేదు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6 వేల మందికి పైగా పోయారని తరువాత తేలింది. తరంగంబాడి అప్పట్లో ఆ జిల్లాలోదే. నాకు సెలవు జనవరి మూడో వారంలో గాని దొరకలేదు. బియ్యం, చీరలు, మందులు పట్టుకుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇంకేం తీసుకుపోవాలో తోచక, పాత నెగటివులు వెతికి, ఆ ఊరి బొమ్మలన్నీ మళ్లీ వేయించాను. అందులో ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలియకుండానే స్టూడియోలో నిలబడి వాటిని లెక్కపెట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

ఊరికి ఎడంగా తారు రేకులతో వేసిన వరస షెడ్లలో అక్క దొరికింది. భర్త ఆ ఉదయం లోతు నీళ్లలో వేటలో ఉన్నాడు. అక్కడ అల తెలియనే లేదట, ఒడ్డుకు వచ్చేసరికి ఒడ్డు లేదట. అక్క వేలం దగ్గరనుంచి కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. ఆయా ఇంట్లో వల బాగుచేస్తోంది. ఇల్లు మొత్తం పోయింది, అందులో ఒక ఇనప్పెట్టె, నేను పంపిన బొమ్మలూ పోయాయి. దహనానికి ముందు ఎవరో తీసిన ఫొటో ఒకటి ప్రభుత్వ కాగితాల్లో ఉందనీ, దాన్ని చూడలేమనీ అక్క భర్త చెప్పాడు. నా సంచిలోంచి కవరు తీశాను. ఆయా తల ఎత్తి, దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, నా మీద విసుక్కుంటూ చూస్తోంది. అరవై ఏళ్ల పైబడిన జీవితంలో ఆమెకు మిగిలిన బొమ్మ అదొక్కటే.

దాన్ని పెద్దది చేయించి పంపుతానన్నాను. మాంబళంలో స్టూడియో అతను కంప్యూటరులో దారం చెరిపేసి నోరు సరిచేస్తానన్నాడు, దండ వేసే పటానికి అలాగే బాగుంటుందట. ఫోను చేసి అడిగాను. కొడుకు కాసేపు ఏమీ అనలేదు. “దారం ఉండనివ్వండి” అన్నాడు. ఆ షెడ్డుకు నేను వెళ్లిన రోజున, నేను ఒక్కదాన్నే వెళ్లినా, నా వెనక్కి ఎవరూ చూడలేదు. ఆ ఊళ్లో ఆ ఒక్కసారే ఆ ప్రశ్న వినలేదు.

కొన్నేళ్లకు వాళ్లకు సముద్రానికి దూరంగా కొత్త ఇల్లు వచ్చింది. కట్టుమరం పోయి ఫైబరు పడవ వచ్చింది. కూతురు కాలేజీలో చేరింది. నాకు అప్పటికీ పెళ్లి కాలేదు, అది వేరే కథ. 2008 ఎండాకాలంలో అక్కకు ఒక కంట్లో మసక కమ్మితే ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో చూపించుకోవడానికి వస్తానని కబురు చేసింది. స్టాండుకు వస్తానన్నా వినలేదు. చిరునామా రాసిన కాగితం పట్టుకుని, నాలుగుచోట్ల అడుగుతూ, ఆదివారం పొద్దున ఏడింటికే మా మెట్లు ఎక్కింది.

తలుపు నాన్నగారు తీశారు, వెనకాల నేను ఉన్నాను. ఆయన ఆమెను చూశారు, తరువాత తల పక్కకు వంచి, ఆమె భుజం మీదుగా ఖాళీ మెట్లను కిందిదాకా చూశారు. అటు తిరిగే తెలుగులో నన్ను అడిగారు: “వొంటిగానే వచ్చిందా ఈమె?”

అక్కకు తెలుగు ఒక్క ముక్క రాదు. నేను అరవంలో చెప్పేలోపే ఆమె గడప మీద నిలబడి వీధి అదిరేట్టు నవ్వింది. “ఆమా అప్పా, తనియాదాన్ వందేన్” అని ఆయనకే జవాబు చెప్పి, మూడు ముళ్లు వేసిన ప్లాస్టిక్ సంచి ఒకటి ఆయన చేతిలో పెట్టింది. నాన్నగారు దాన్ని ముక్కు దగ్గరకు ఎత్తుకున్నారు. రెండు కిలోల ఎండుచేపలు. ఆయన ఆమెను కూర్చోమని కూడా అనకుండా, కింద యజమాని వాటా వైపు ఒకసారి చూసి, గబగబా లోపలికి వెళ్లి ముందు కిటికీలు మూశారు.